నూరు గ్రాముల దూది

కుక్కపిల్ల బరువు రెండు కిలోల మూడు వందల గ్రాములు. దిండ్ల దూది తూచే చిన్న కాటా మీద కూర్చోబెట్టి టేపక్క తూచింది. పళ్ళెం కదిలేసరికి పిల్ల నాలుగు కాళ్ళూ ఎడంగా పెట్టి, బేరం కుదరని గిరాకీలా గుమ్మం వైపు చూసింది.

"ఎలుకల్ని పట్టడానికి తెచ్చావా, ఎలుకలకి వెయ్యడానికి తెచ్చావా?" అని తమ్ముణ్ణి అడిగింది.

"పెరుగుతుందక్కా. పాదాలు చూడు ఎంత లావున్నాయో. దూది లారీ డ్రైవరు ఊరికే ఇచ్చాడు."

"ఊరికే వచ్చినదానికే ఖర్చెక్కువ."

అన్నదే గాని పాదాలు చూసింది. వాడు చెప్పింది నిజమే. ఎదిగే పిల్లకి కుట్టించిన గౌనులా ఒంటి మీద చర్మం కూడా వదులుగా ఉంది. ఆరు నెలలకి ఇప్పుడున్న పొడుగుకి రెండింతలు. ఏడాదికి మూడు. దూది బస్తాల వెనక ఎలుకలు కాపురం పెట్టి రెండేళ్ళయింది. పోయినవారం కొత్త పరుపు గలేబు ఒకటి మూల కొరికి పెట్టాయి. కుక్క వాసన తగిలితే చాలు, అవే పోతాయి. లెక్క తప్పు కాదు.

కింద పరుపుల కొట్టు, పైన ఇల్లు. కొట్టులో ముందు వరసంతా కుట్టిన పరుపులు, వెనక దూది ఏకే మిషను, మిషను పక్కన ఏకుడు తాత, తాత కనుబొమ్మల మీద ఎప్పుడూ తెల్లటి నూగు. మధ్యలో నేల మీద టేపక్క. చేతిలో జానెడు దబ్బనం, మెడలో టేపు. పొద్దున మొహం కడుక్కుని మెడలో వేసుకున్న టేపు మళ్ళీ పడుకోబోయే ముందే తీస్తుంది. అందుకే ఆ పేరు. వీధిలో సగం మందికి ఆమెకి ఇంకో పేరుందన్న సంగతే తెలియదు.

కొట్టుకి వచ్చినవాళ్ళని ఆమె నాలుగు ప్రశ్నలడిగేది. పొడుగెంత, బరువెంత, ఏ పక్కకి తిరిగి పడుకుంటారు, ఎక్కడ పడుకుంటారు. జవాబులు చీటీ మీద రాసి గోడకి కట్టిన తీగకి గుచ్చేది. ఇంట్లోవాళ్ళ చీటీలు మూడూ ఆ తీగకే ముందు వరసలో ఉన్నాయి. మేనకోడలి చీటీ రెండేళ్ళకోసారి మారుతుంది. ధర గురించి టేపక్క ముందు ఎత్తదు. నడుమునొప్పి, ఉక్కపోత, చెమ్మ, పక్కనవాళ్ళ గురక, ఏ బాధ ఉంటే ఆ బాధ ఎదుటివాళ్ళనే చెప్పనిచ్చి, చివర్లో ఆ మాటలే తిరిగి వాళ్ళకి అప్పజెప్పేది. "మీరే అన్నారుగా, కిందనుంచి చెమ్మ లాగుతోందని. అందుకే అడుగున మందం గుడ్డ." తన నోట్లోంచి వచ్చిన మాటతో ఎవడూ బేరమాడలేడు.

"రాత్రి దీన్ని ఎక్కడ పడుకోబెడదాం?" అన్నాడు తమ్ముడు.

"కొట్టులోనే. ఎలుకలున్నది ఇక్కడేగా," అంది టేపక్క.

గోనెసంచి మీద పడుకోబెట్టి, షట్టరు దించి, అందరూ పైకి వెళ్ళారు. ముందు గదిలో తమ్ముడు, మరదలు. పక్క గదిలో మేనకోడలు, ఆమె పుస్తకాలు. హాల్లో సోఫా, టీవీ. వంటగది వెనక నడవలో టేపక్క.

నడవకి ఒక చివర స్నానాలగది, ఇంకో చివర మేడ మీదికి తలుపు. వెడల్పు రెండడుగుల ఎనిమిది అంగుళాలు. పొద్దున్నే చుట్టేసి నీళ్ళ డ్రమ్ము వెనక నిలబెట్టే పక్కని రాత్రి తీసి పరిస్తే గోడకీ గోడకీ సరిగ్గా అతికేది.

*

తెల్లారి షట్టరు ఎత్తేసరికి పిల్ల ఏకుడు మిషను కింద దూరి ఉంది. ఒళ్ళంతా నూగు. రాత్రంతా ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, నోరు తెరిస్తే గాలి తప్ప చప్పుడు రావడం లేదు. ఎదురింటి మందులషాపాయన అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నిద్రమాత్రలు అమ్మేవాణ్ణి, నాకే నిద్ర లేకుండా చేశారు గదయ్యా!"

"ఇవాళ్టికి పైన పెడతాంలెండి," అని తమ్ముడు చేతులు జోడించాడు.

పైన అంటే ఎక్కడ? ఆ రోజు టీలు తాగుతున్నప్పుడు ఇదే మాట. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇదే మాట. మేనకోడలు తన మంచం మీద అంది. మరదలు ఒక్క చూపు చూసింది, పిల్ల మాట మార్చి మంచం కింద అంది.

"మంచం కింద పడుకున్నది రేపు మంచం మీదికొస్తుంది. నెల తిరిగితే నువ్వు మంచం కిందికెళ్తావు," అంది మరదలు. "మెట్ల మలుపు దగ్గర పెట్టండి. ఇంటికి ఇల్లు, కాపలాకి కాపలా."

మెట్ల మలుపు దగ్గర పెట్టారు. రాత్రి అది రెండు మెట్లు దొర్లిపడింది. మూడో మెట్టు మీద కూర్చుని అరవబోయి, గొంతు రాక, వాసన పట్టుకుంటూ పైకొచ్చింది. తెల్లారేసరికి నడవలో టేపక్క మోకాళ్ళ వెనక పడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఆమెకి తెలియదు. రాత్రి నడవలోంచి ముగ్గురూ కనీసం ఒక్కొక్కసారి స్నానాలగదికి వెళ్తారు. ఎవరి అడుగు వినపడితే అప్పుడు ఆమె కాళ్ళు నిద్రలోనే ముడుచుకుంటాయి, దాటగానే చాచుకుంటాయి. కుక్క అడుగు లెక్కలో లేనిది. దానికి కాళ్ళు ముడుచుకోలేదు.

పొద్దున్న పిల్ల మూడుసార్లు తుమ్మింది.

"చూశారా, జలుబు చేసింది," అంది మరదలు. పాలు వెచ్చబెట్టి పళ్ళెంలో పోసింది. "ఆ నడవలోనా రాత్రంతా పడుకున్నావే, తల్లీ! ఆ చెమ్మలో రెండ్రోజులుంటే ఊపిరితిత్తులు పాడైపోవూ?"

ఆ మాట మరదలు ప్రేమగానే అంది. టేపక్క అప్పటికి పక్క చుట్టేసి డ్రమ్ము వెనక పెడుతోంది. "అవునమ్మాయ్, అక్కడ దీనికి పడదు," అంది తనూ.

ఆ మధ్యాహ్నం పశువుల డాక్టరు పరుపు కోసం వచ్చాడు. ఆరడుగుల మనిషి, గుమ్మంలో తల వంచాడు, వంచిన తల మళ్ళీ ఎత్తడానికి నడుము పట్టుకున్నాడు.

"ఎలా పడుకుంటారు సార్?" అంది టేపక్క.

"ఎలా అంటే? కళ్ళు మూసుకుని."

"ఏ పక్కకి తిరిగి అని."

"మా ఆవిడ ఎటు తిరిగితే దానికి రెండో పక్కకి."

ఏకుడు తాత మిషను ఆపి మరీ నవ్వాడు. టేపక్క నవ్వకుండా, ఆవిడ ఎటో కనుక్కుని రాసుకుంది. ఎడమ. కొలతలన్నీ అయ్యాక తమ్ముడు కుక్కపిల్లని ఎత్తుకొచ్చి ఆయన ఒళ్ళో పెట్టాడు. పరుపు ఆర్డరిచ్చిన మనిషి, సలహాకి ఫీజడగడని వాడి లెక్క. డాక్టరు దాని చెవులు తిప్పి చూశాడు, కడుపు నొక్కాడు.

"బాగానే ఉంది. పడుకునే చోటు మాత్రం జాగ్రత్త. నాలుగు సంగతులు. ఒకటి, కింద చెమ్మ ఉండకూడదు. రెండు, తలుపు సందుల్లోంచి ఈదురుగాలి కొట్టకూడదు. మూడు, మనుషుల కాళ్ళు నడిచే దారి కాకూడదు. నిద్రలో ఉలిక్కిపడే పిల్ల ఎప్పటికీ కుదురుగా ఎదగదు. నాలుగు, దగ్గర్లో ఎవరిదో ఊపిరి వినబడాలి."

"అన్నీ ఉన్న చోటు మా ఇంట్లో ఏదుంది సార్?" అన్నాడు తమ్ముడు.

"అది నన్నడుగుతావేంటి? పడకల సంగతి మీ అక్కనడుగు."

*

పడకల సంగతి టేపక్కకి తెలుసు. చెమ్మ కంటికి కనపడదు, చేతికి సగమే తెలుస్తుంది. దూదికి పూర్తిగా తెలుస్తుంది. కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్ళు పరుపు అడిగితే ఆమె ముందు గుప్పెడు దూది పంపేది. రాత్రి పడుకునే చోట నేల మీద ఉంచి పొద్దున్నే తెమ్మనేది. తిరిగొచ్చిన దూదిని తూచి, పరుపు అడుగున ఏ గుడ్డ వెయ్యాలో చెప్పేది. ఆమె మాట తప్పిన ఇల్లు ఇంతవరకూ లేదు.

మూడోరోజు సాయంత్రం ఏకిన దూది నాలుగు కుప్పలు తూచింది. ఒక్కోటి సరిగ్గా నూరు గ్రాములు. ఒకటి కొట్టు మూల, ఒకటి మెట్ల మలుపు, ఒకటి హాల్లో సోఫా వెనక మూల, ఒకటి నడవ. నాలుగిటి కిందా నాలుగు కాగితాలు, కాగితాల మీద పేర్లు. వెనకాల మేనకోడలు, దాని వెనకాల కుక్కపిల్ల.

"అత్తా, దూదికెలా తెలుస్తుంది?"

"తాగుతుంది. ఎక్కడ కూర్చుంటే అక్కడి నీళ్ళు తాగుతుంది. తాగలేదని అబద్ధం చెప్పదు."

"మందులషాపు అంకుల్‌లా కాదన్నమాట."

"నోరుముయ్," అంది టేపక్క. పిల్ల కిసుక్కున నవ్వింది.

ఈదురు చూడడానికి ఆమె దారప్పోగు పట్టుకుని ఒక్కోచోట చెయ్యి చాపి నిలబడింది. హాలు మూలలో పోగు నిలువుగా వేలాడింది. మెట్ల మలుపులో కొంచెం ఊగింది. నడవలో మేడ తలుపు కింద సందు దగ్గర, పోగు నేలకి అడ్డంగా లేచి నిలబడింది.

"అయ్యో, ఎగురుతోంది!" అంది పిల్ల.

టేపక్క పోగుని వేలికి చుట్టి తీసి బొడ్లో దోపుకుంది. నడవ దూదికుప్పని ఆ రాత్రి తన తలగడ పక్కనే, నేల మీద పెట్టుకుని పడుకుంది. అక్కడ కాక ఇంకెక్కడ పెట్టినా ఎవరిదో కాలు తగులుతుంది. కుక్కపిల్లని ఆ పూటకి మేనకోడలి గదిలో, బుట్టలో పెట్టి తలుపు మూశారు.

నాలుగోరోజు పొద్దున తూచింది. హాలు మూల, నూటొకటి. మెట్ల మలుపు, నూట మూడు. కొట్టు, నూట నాలుగు. నడవ, నూట పదమూడు.

కాటా పళ్ళెం తుడిచి మళ్ళీ తూచింది. నూట పదమూడు.

ఒక్క రాత్రికి, గుప్పెడు దూదికి, పదమూడు గ్రాములు. తన పక్కలో ఉన్న దూది మూడు కిలోలు. నెలకి ముప్పై రాత్రులు. ఏడాదికి... ఆమె మనసులో గుణించడం మొదలుపెట్టి, ఆపేసింది. ఎందుకు ఆపిందో తెలియదు. చెయ్యి మాత్రం చీటీ తీసుకుని, అలవాటుగా రాసుకుంటూ పోయింది.

కుక్కపిల్ల. బరువు 2.3. పొడుగు, తోక మినహా, పదహారు అంగుళాలు. పడక, కుడిపక్కకి ముడుచుకుని.
కొట్టు: చెమ్మ కొద్దిగా. ఒంటరి. పనికిరాదు.
మెట్ల మలుపు: పడిపోతుంది. పనికిరాదు.
నడవ: చెమ్మ. ఈదురు. కాళ్ళ కింద దారి. పనికిరాదు.
హాలు మూల: పొడి. ఈదురు లేదు. తమ్ముడి గురక వినబడుతుంది. బాగుంది.

మేనకోడలు దాన్ని తీగకి గుచ్చింది. ఇంట్లోవాళ్ళ చీటీలు మూడిటి పక్కన, నాలుగోది.

*

మధ్యాహ్నానికల్లా తమ్ముడు ఆ చీటీని వచ్చినవాడికల్లా చదివి వినిపించాడు. మందులషాపాయనకి చదివాడు. దారం తెచ్చినవాడికి చదివాడు. పరుపు ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి డాక్టరు వచ్చాడు, ఆయనకి రెండుసార్లు చదివాడు.

"మా అక్క కుక్కపిల్లకి కూడా లెక్క తప్పనివ్వదు సార్!"

"కుక్కపిల్లకి పరుపా! రేపు ఎలుక వచ్చి దిండు అడుగుతుంది, కుట్టి ఉంచండి," అన్నాడు ఏకుడు తాత.

డాక్టరు కళ్ళజోడు పెట్టుకుని తీగ దగ్గరికెళ్ళి చదివాడు. "నూట పదమూడా! ఎక్కడయ్యా ఇది, బావిలోనా?"

"లేద్సార్, వంటింటి వెనక. స్నానాలగది గోడ చెమ్మ లాగుతుంది."

"బాగుచేయించుకో. అలాంటిచోట ప్రాణమున్నదేదీ పడుకోకూడదు."

"ఎవరు పడుకుంటారు సార్ అక్కడ," అన్నాడు తమ్ముడు.

వాడు అబద్ధం చెప్పలేదు. అది టేపక్కకి తెలుసు. అబద్ధం చెప్పేటప్పుడు వాడు చెవి గోక్కుంటాడు, చిన్నప్పటినుంచీ. ఇప్పుడు వాడి రెండు చేతులూ కుక్కపిల్ల కడుపు కింద ఉన్నాయి.

ఆమె డాక్టరు పరుపు మీద వంగి కుడుతోంది. దబ్బనం పైనుంచి గుచ్చి, కిందనుంచి లాగి, పురికొస బిగించి, ముడి. జానెడు వదిలి మళ్ళీ. ఆరడుగుల నాలుగంగుళాల పరుపుకి నలభై రెండు ముడులు. ముప్పై ఒకటో ముడి దగ్గర నీలం చారల గుడ్డ మీద ఎర్రచుక్క కనిపించింది. గుడ్డలో నేతలోపం అనుకుంది. ఇంకో చుక్క పడింది. అప్పుడు చూసుకుంటే దబ్బనం ఎడమ బొటనవేలి కండలో పావు అంగుళం దిగి ఉంది. నొప్పేమీ లేదు. ఆ వేలికి చాలాకాలంగా ఏమీ తెలియదు.

"అక్కా, రక్తం!" అన్నాడు తమ్ముడు.

"గుడ్డకి అంటింది. ఉప్పు, చన్నీళ్ళు పట్రా. ఎండితే పోదు."

"గుడ్డ సంగతి కాదే!"

"సరుకు ఆయనది," అంది టేపక్క.

మరక పోయేదాకా రుద్దింది. తర్వాత వేలికి గుడ్డపీలిక చుట్టుకుని, మిగిలిన ముడులు పదకొండూ వేసి, మిగిలిన నీలం చారల ముక్కతో కుక్కపిల్లకి పరుపు కుట్టింది. రెండడుగులకి అడుగున్నర. పెరిగితే విప్పి కలుపుకోడానికి మూడంగుళాల మడత లోపలికి వదిలింది. దూది ముప్పావు కిలో. తొమ్మిది ముడులు.

*

ఆ రాత్రి హాలు మూలలో పరుపు పరిచి, పిల్లని పడుకోబెట్టి, నలుగురూ చుట్టూ నిలబడ్డారు. పిల్ల పరుపు వాసన చూసింది, మూడుసార్లు తిరిగింది, పడుకుంది. అందరూ మెల్లిగా, దొంగల్లా మునివేళ్ళ మీద ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళారు. లైట్లు తీసిన పది నిమిషాలకి అది లేచి వంటగది దాటి నడవలోకొచ్చి టేపక్క మోకాళ్ళ వెనక దూరింది.

మరదలు వచ్చి ఎత్తుకుపోయింది. అది మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఎత్తుకుపోయింది.

మూడోసారి మరదలు గుమ్మంలో నిలబడి అంది. "ఇలా అయితే దీనికి అలవాటు కాదు వదినా. నడవ తలుపు మూసేస్తాను. చెమ్మలోకి రాకుండా ఉంటుంది. మాలో ఎవరం లేచినా మేమే తీసుకుంటాం."

"మంచిది," అంది టేపక్క.

తలుపు మూసుకుంది. అవతలనుంచి గడియ పడింది. తలుపు కింద అరంగుళం సందులోంచి కుక్కపిల్ల ముక్కు కనిపించింది, కాసేపు గాలి పీల్చింది, ఎవరో ఎత్తుకున్నారు. టేపక్క మెడలోంచి టేపు తీసి డ్రమ్ము మీద పెట్టింది. మేడ తలుపు కిందనుంచి ఈదురు అలవాటైన చోటే, కుడి చెవి మీద తగిలింది. కోపం వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. ఏడుపు వస్తుందేమోనని చూసింది. అదీ రాలేదు. బొటనవేలిలాగే, లోపల ఎక్కడ గుచ్చినా తెలియని చోటు. నూట పదమూడు అన్న అంకె ఒక్కటే ఉంది, గోడకి కొట్టిన మేకులా.

ఇంక నిద్రపట్టింది.

*

ఐదోరోజు పని రోజులాగే జరిగింది. డాక్టరు పరుపు బండికెక్కింది. దారం కండెలు రెండొచ్చాయి. తీగ మీద చీటీలు వరసగా సర్దుతూ టేపక్క కుక్కపిల్ల చీటీ దగ్గర ఆగి, దాన్ని తీసి బొడ్లో దోపుకుంది.

రాత్రి భోజనాలయ్యాయి. మరదలు కుక్కపిల్లకి పాలు పోస్తోంది. తమ్ముడు టీవీలో వార్తలు చూస్తున్నాడు. టేపక్క నడవలోకి వెళ్ళి, డ్రమ్ము వెనకనుంచి తన పక్కచుట్ట తీసి, చంకన పెట్టుకుని, వంటగదిలోంచి, మరదలి ముందునుంచి, హాల్లోకొచ్చింది. కుక్కపిల్ల పరుపుని కాలితో గోడ వైపు జరిపి, పక్కనే తన పక్క పరిచింది. చెమ్మకి గట్టిపడి, చుట్టిన చుట్ట చుట్టినట్టే ఉండబోతే రెండు చేతులా అదిమి పరిచింది.

టీవీలో ఎవరో మాట్లాడుతూనే ఉన్నారు. తమ్ముడు దాని గొంతు తగ్గించాడు.

"ఏంటి వదినా?" అంది మరదలు, పాలగిన్నెతో వచ్చి.

"పడుకుంటున్నానమ్మాయ్."

"ఇక్కడా? ఇది హాలు గదండీ. పొద్దున్నే ఎవరైనా వస్తే..."

"పొద్దున్నే నేనెన్నింటికి లేస్తానో నీకు తెలియదా? పాలవాడికంటే ముందు లేస్తాను."

"అది కాదు. ఎప్పుడూ లేనిది ఇవాళేంటి అని. కుక్కపిల్ల కోసమా? దానికి అలవాటైపోతుందిలెండి."

టేపక్క మరదల్ని పూర్తిగా చెప్పనిచ్చింది. కొట్టులో కూడా అంతే. గిరాకీ చెప్పింది పూర్తయ్యేదాకా ఆగాలి.

"చెమ్మ అన్నావు," అంది తర్వాత, ధర చెప్పే గొంతుతోనే. "రెండ్రోజులుంటే ఊపిరితిత్తులు పాడవుతాయన్నావు. తమ్ముడు నా చీటీ వీధంతా చదివాడు. డాక్టరుగారు ప్రాణమున్నదేదీ పడుకోకూడదన్నారు. నేనేమీ అనలేదమ్మా. దూది అంది, మీరందరూ అన్నారు."

బొడ్లోంచి చీటీ తీసి సోఫా చేతి మీద పెట్టింది.

తమ్ముడు చీటీ తీసుకున్నాడు. నిన్నంతా బిగ్గరగా చదివిన చీటీ. ఇప్పుడు పెదవులు కదలకుండా చదివాడు. నడవ అన్న వరస దగ్గర ఆగినట్టున్నాడు, కళ్ళు కిందికి జరగలేదు. వాడి చెయ్యి చెవి దాకా వెళ్ళి, గోక్కోకుండా దిగింది.

"రెండు రోజులే కదా అనుకున్నాం అక్కా," అన్నాడు. "నీ గదిలోంచి పాప ఉయ్యాల తీసేదాకా."

"అవును," అంది టేపక్క.

పాప పక్కగదిలో లెక్కలు చేసుకుంటోంది. దానికిప్పుడు పదకొండేళ్ళు.

పాలగిన్నె పట్టుకున్న మరదలి మొహం ఎర్రబడింది. ఏదో గట్టిగా అనబోయిందని టేపక్కకి అర్థమైంది, అంటే అననీ అనుకుంది. కానీ మరదలు పరుపు వైపు చూసింది, పైన ఫ్యాను వైపు చూసింది, గిన్నె కింద పెట్టింది.

"అక్కడ మీకు ఫ్యాను గాలి తగలదు," అంది విసుగ్గా. "సోఫా అటు తోస్తే గాని కుదరదు. ఏమండీ, కూర్చుని చూస్తారేంటి, లేచి ఒక చెయ్యి వెయ్యండి."

ఇద్దరూ కలిసి సోఫా తోశారు. సోఫా కాళ్ళ కింద ఏళ్ళనాటి దుమ్ము నాలుగు చతురస్రాల్లో బయటపడింది. మరదలు చీపురు తెచ్చి ఊడ్చింది. ఊడుస్తున్నంతసేపూ తల ఎత్తలేదు. పక్క కొస పట్టుకుని జరపబోయి, చేతికి తడి తగిలేసరికి లోపలికెళ్ళి తన మంచం మీది దుప్పటి తెచ్చి దాని మీద పరిచింది.

తమ్ముడు జేబులోంచి చీటీల కట్ట తీశాడు. కింద కూర్చున్నాడు, అక్క పక్కన, గిరాకీ పక్కన కూర్చున్నట్టు.

"పొడుగు?" అన్నాడు.

టేపక్క మెడలో టేపు తీసి ఇవ్వబోయింది. వాడే అందుకుని మడమ దగ్గరనుంచి తల దాకా పరిచాడు. ముప్పై ఏళ్ళుగా ఆ టేపు ఆమె ఒంటి మీదే ఉంది. ఆమెని కొలవడం మాత్రం ఇదే మొదలు.

"నాలుగడుగుల పదకొండు. బరువు?"

"నలభై ఆరు. బస్తాలు తూచే పెద్ద కాటా మీద ఎక్కాను, పోయిన నెల."

"ఎక్కడ పడుకుంటారు..." అని అలవాటుగా అడగబోయి ఆగిపోయాడు. రాసుకున్నాడు. హాలు మూల. పొడి.

"ఏ పక్కకి తిరిగి పడుకుంటావక్కా?"

ఆ ప్రశ్న ఆమె కొన్ని వేలమందిని అడిగి ఉంటుంది. తెలియదు అన్నవాళ్ళని చూసి, తన నిద్ర తనకి తెలియని మనిషి ఉంటాడా అని లోపల్లోపల నవ్వుకునేది. ఇప్పుడు ఆలోచించింది. ఎడమ అందామనుకుంది. ఎడమ వైపు స్నానాలగది గోడ. కుడి అందామనుకుంది. కుడి వైపు ఇంకో గోడ. రెండడుగుల ఎనిమిదంగుళాల్లో మనిషి తిరగడు, సర్దుకుంటాడు.

"తెలీదురా," అంది.

తమ్ముడు పెన్ను పట్టుకుని ఇంకా చూస్తున్నాడు.

"తెలీదు. అక్కడ ఖాళీ వదిలెయ్. రేపు చెప్తాను."

*

తెల్లవారి పాలవాడు రెండుసార్లు గంట కొట్టాడు. తలుపు తీసింది మరదలు. హాలు మూలలో టేపక్క ఇంకా పడుకునే ఉంది. రాత్రి ముగ్గురిలో ఎవరు లేచారో, ఎన్నిసార్లు తలుపులు తీశారో ఆమెకి తెలియదు. కాళ్ళు రెండూ బారుగా చాపి ఉన్నాయి. ఒక కాలు పక్క దాటి నేల మీద ఉంది. కుక్కపిల్ల తన నీలం చారల పరుపు వదిలేసి వచ్చి, ఆమె పొట్ట ముందు, ఆమె చేతి వంపులో పడుకుని ఉంది.

ఆమె కళ్ళు తెరిచి, కదలకుండా, తనని తాను చూసుకుంది. సోఫా ఎటుందో చూసింది. గోడ ఎటుందో చూసింది. పిల్ల తల కింద నలిగిన ఎడమ చేతి బొటనవేలు మొన్నటి గుడ్డపీలికలో సన్నగా సలుపుతోంది.

తమ్ముడు టీ గ్లాసులు రెండు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఎడమ," అంది టేపక్క. "రాసుకో."